ఆత్మగుప్త

“మనస్సు గట్టిగా ఉన్నచో మానలేని దురభ్యాసమున్నదా?” అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడును. త్రాగుబోతును, జూదరిని, పనిపాటులు మాని మూల కూర్చుండువానిని, కారణము చెప్పలేక కంటతడి పెట్టు కోడలిని మనము ఈ యొక్క మాటతోనే విచారణ చేసి, ఈ యొక్క మాటతోనే శిక్ష విధించుచుందుము. ఈ మాటలో సత్యము బొత్తిగా లేదని నేను చెప్పను. కాని మనస్సు గట్టిపడుటకు ఆధారమేమి, అది సడలుటకు హేతువేమి యని అడుగకయే తీర్పు చెప్పుట న్యాయము కాదు. గడచిన నూరేండ్లలో శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నమును అడిగిన విధమును, వారికి దొరకిన సమాధానములను చదువరుల ముందుంచుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఆ చరిత్రలో మన దేశపు మొక్కలు రెండు, సర్పగంధయు దూలగొండియు, పాలుగొన్నవి.

మొదట మా ఇంటి సంగతి యొకటి చెప్పవలసియున్నది. మా మేనమామగారు ముప్పదియేండ్లు లెక్కల గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గైకొనినవారు. ఒక రూపాయి లెక్క తప్పినను నిద్రపట్టని మనిషి. పేకముక్క చేతబట్టి యెరుగరు. అరువదవ యేట వారి కుడిచేయి వణకనారంభించెను. వైద్యులు దానిని పార్కిన్సను వ్యాధియని నిర్ణయించి మందులిచ్చిరి. వణకు తగ్గెను, అడుగు సాగెను, ఇల్లంతయు సంతోషించెను. రెండేండ్లు తిరుగకముందే ఆయన సాయంకాలములందు పేకాటకు పోవ మొదలిడిరి. పిదప రాత్రులును అక్కడనే గడచినవి. తుదకు మా అత్తయ్య చేతి గాజులు తాకట్టుకొట్టు చేరినవి. కొడుకులు తండ్రితో మాటాడుట మానిరి. “ముసలితనమున బుద్ధి గడ్డితిన్నది” అని బంధువులనిరి. నేనును అంటిని. ఆ మాట అన్నందుకు కలిగిన పశ్చాత్తాపమే ఈ వ్యాసమునకు మూలము. తరువాత జరిగినదానిని దాని తావున చెప్పెదను.

సంస్కృత వ్యాకరణము చదివినవారికి కర్త యన నెవరో తెలియును. పాణిని కర్తకు చెప్పిన లక్షణము స్వాతంత్ర్యమే. పని విషయమున ఎవడు స్వతంత్రుడో వాడు కర్త. అంతటితో ఊరకుండక, ఆ కర్తను పనికి పురికొల్పువాడును కర్తయేయనియు, వానికి హేతువను పేరుకూడ కలదనియు ఆ మహర్షి వెంటనే చెప్పెను. దేవదత్తుడు వండుచున్నాడు, యజ్ఞదత్తుడు దేవదత్తునిచేత వండించుచున్నాడు అని పిల్లలకు ఉదాహరణములు చెప్పి నేను ఇన్నాళ్లు ముందు పాఠమునకు పోవుచుంటిని. పురికొల్పునది మనుష్యుడు గాక ఒక మందుబిళ్ళయైనచో కర్త యెవరను ప్రశ్న నాకెన్నడును తోచలేదు.

సర్పగంధ మన అడవులలో పెరుగు చిన్న మొక్క. దాని వేరును పాముకాటునకును, నిద్రలేమికిని, ఉన్మాదమునకును వాడుట మన దేశమున చిరకాలాచారము. బీహారు ప్రాంతమున దానికి పిచ్చిమందు అనియే వాడుక. పిచ్చిపట్టినవానికి దయ్యము సోకినదని వేపమండలతో కొట్టిన దేశముననే, ఆ పిచ్చికి వేరు నూరి పోసిన వైద్యులును ఉండిరి. 1931లో కలకత్తాలో గణనాథసేను, కార్తికచంద్రబోసు అను వైద్యులు ఈ వేరిపొడి ఉన్మాదమును శాంతింపజేయుటయే గాక రక్తపుపోటును గూడ తగ్గించుచున్నదని ఒక వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆ కాలముననే ఢిల్లీలోని తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ, రఫత్ హుసేన్ సిద్దీఖీ అను రసాయనజ్ఞులు ఆ వేరునుండి కొన్ని సారపదార్థములను వేరుచేసి, అందొకదానికి హకీం అజ్మల్ ఖానుగారి జ్ఞాపకార్థము అజ్మలీను అని పేరిడిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు రక్తపుపోటు రోగులయందు తాను చూచిన ఫలితములను బ్రిటిషు హృద్రోగ పత్రికలో ప్రకటింపగా పాశ్చాత్యుల దృష్టి దీనిపై బాగుగ పడెను. 1952లో స్విట్జర్లాండులోని బాసెలు నగరమున సీబా సంస్థవారు ఆ వేరిలోని ముఖ్యసారమును శుద్ధరూపమున తీసి రెసర్పిను అనిరి. 1954లో న్యూయార్కు రాష్ట్రపు వైద్యాలయములో నేథన్ క్లైను అను వైద్యుడు ఉన్మత్తులకు దీనినిచ్చి, వారి ఉద్రేకము శమించుచున్నదని వ్రాసెను.

ఎవరి బుజ్జగింపునకును, ఎవరి దెబ్బలకును లొంగని ఉద్రేకము ఒక వేరి సారమునకెట్లు లొంగెను? దీనికి ఉత్తరము తెలియవలెనన్న మెదడు పనిచేయు తీరు కొంత తెలియవలెను. మెదడులోని నాడీకణములు చాలవరకు ఒకదానికొకటి అంటుకొని యుండవు. నడుమ మిక్కిలి సన్నని ఎడము కలదు. ఒక కణము తన కొననుండి రసాయనద్రవ్యమును చిందించును; అవతలి కణము దానినందుకొని కదలును. నాడులు ఇట్లు ద్రవ్యములద్వారా మాటాడునని 1921లో ఆస్ట్రియాలోని గ్రాజు నగరమున ఆటో లోవి కప్పగుండెలపై పరీక్షచేసి చూపెను. ఒక గుండె నాడిని ప్రేరేపించి, ఆ గుండె మునిగిన నీటిని రెండవ గుండెపై పోయగా, అదియు మొదటిదానివలెనే మందగించెను. నాడిలేకయే ఆజ్ఞ చేరినది. దానిని మోసినది నీటిలోని ద్రవ్యము.

1955లో అమెరికాలోని బెథెస్డాలో బెర్నార్డు బ్రోడీ పరిశోధనశాలవారు రెసర్పిను మెదడులోని సెరటోనిను అను ద్రవ్యపు నిల్వలను ఖాళీచేయుచున్నదని కనుగొనిరి. ఆ శాలలో కొన్నినెలలు పనినేర్చి స్వీడను మరలిన అర్విద్ కార్ల్‌సను, లుండు విశ్వవిద్యాలయమున 1957లో ఒక పరీక్ష చేసెను. కుందేళ్ళకు రెసర్పిను ఎక్కింపగా అవి చెవులు వ్రేలవేసి, కదలికలేక, కన్నులు సగము మూసి పడియుండెను. వాని కండరములకు లోపము లేదు; నాడులు తెగలేదు; కదలవలెనను పూనిక మాత్రము లేదు. సెరటోనినునకు మూలమైన పదార్థమునెక్కించినను అవి లేవలేదు. డోపా అను పదార్థమునెక్కింపగా కొలది నిమిషములలో లేచి గంతులిడెను. ఆ డోపా మెదడులోనికిపోయి డోపమీను అను ద్రవ్యముగా మారుచున్నదనియు, కుందేళ్ళకు లోపించినది అదియేననియు కార్ల్‌సను వాదించెను. 1960లో లండనులో కూడిన పండితసభ ఈ వాదమును నమ్మలేదు. ఆయనకు నోబెలు బహుమానము 2000లో వచ్చెను.

కుందేళ్ళ సంగతి మనుష్యులకు తగిలినది వియన్నాలో. 1817లో లండను వైద్యుడు జేమ్సు పార్కిన్సను ఒక చిన్న గ్రంథమున వర్ణించిన వణకు వ్యాధికి అప్పటికి సరియైన మందు లేదు. 1960లో ఎహ్రింగరు, హోర్నికివిచ్ అను వియన్నా పరిశోధకులు ఆ వ్యాధితో మృతిచెందినవారి మెదడులను పరీక్షించి, కదలికను నడుపు లోపలి భాగములయందు డోపమీను మిక్కిలి తక్కువయై యున్నదని కనుగొనిరి. 1961లో హోర్నికివిచ్, బిర్క్‌మాయరు అను వైద్యునితో కూడి రోగులకు డోపాను రక్తమున నెక్కించెను. పరుండి లేవలేనివారు లేచికూర్చుండిరి. నిలిచి కదలలేనివారు నడచిరి. ఆ సుఖము కొలది గంటలే నిలిచినను, దారి తెలిసినది. 1967లో అమెరికాలో జార్జి కోట్జియాసు ఆ మందును నోటిద్వారా క్రమక్రమముగా పెంచుచు, దినమునకు 16 గ్రాములవరకు ఇచ్చి, మేలును నిలుకడగా చూపెను. 1969లో న్యూయార్కులోని బెత్ అబ్రహాము వైద్యాలయములో, నిద్రావ్యాధి సోకి దశాబ్దములుగా బొమ్మలవలె కూర్చున్న రోగులకు ఆలివరు శాక్సు దీనినిచ్చెను. వారు మేల్కొని మాటాడిరి. కొందరు తిరిగి కూలిరి. మరికొందరియందు అణచరాని కోరికలును, చేష్టలును పొంగినవి. ఈ రెండవ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక మన దూలగొండి. పొలముల కంచెలపై అల్లుకొను ఈ తీగ కాయమీది నూగు తగిలిన ఒడలంతయు దురదలెత్తునని పల్లెటూరి పిల్లలందరెరుగుదురు. సంస్కృతమున దానికి కపికచ్ఛువని యొక పేరు, ఆత్మగుప్తయని మరియొక పేరు. తన్ను తాను కాచుకొనునది గనుక ఆత్మగుప్త. దాని గింజలను మన ఆయుర్వేదవైద్యులు వాతరోగములకు వాడుచుండిరి. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయనశాలలో దామోదరన్, రామస్వామి అనువారు ఆ గింజలనుండి డోపాను వేరుచేసి ఆంగ్లదేశపు పత్రికలో ప్రకటించిరి. కార్ల్‌సను కుందేళ్ళు లేచుటకు ఇరువదియేండ్లు ముందే ఆ మందు మన కంచెమీది గింజలో ఉన్నదని తెలిసియుండెను. దేనికి మందో మాత్రము తెలియలేదు. 2004లో లండను వైద్యులు కొలదిమంది రోగులకు ఆ గింజలపొడినిచ్చి, అది పనిచేయుచున్నదని వ్రాసిరి. అట్లని ఎవరును కంచెమీది గింజలు నూరి త్రాగరాదు; ఒక్కొక్క గింజలో మందెంతయుండునో తూచి చెప్పగల కన్ను మనకు లేదు.

ఒక మొక్క సారము పూనికను హరించినది. మరియొక మొక్కలో దొరకు ద్రవ్యము దానిని మరల నిచ్చినది. ఇంతవరకు చరిత్ర సంతోషకరమే. డోపాకు తరువాత, డోపమీనువలె నటించి నాడీకణములను నేరుగ తట్టు మందులు కొన్ని వాడుకలోనికి వచ్చినవి. 2000 సంవత్సరము మొదలుకొని, ఆ మందులు పుచ్చుకొను పార్కిన్సను రోగులలో కొందరు జూదమునకు లోబడుచున్నారని వైద్యులు వ్రాయసాగిరి. 2010లో అమెరికా, కెనడా దేశములలోని 46 వైద్యకేంద్రములయందు 3,090 మంది రోగులను విచారించిన ఫలితములు ప్రకటింపబడినవి. జూదము, మితిమీరిన కొనుగోళ్ళు, అదుపులేని తిండి, కామము అను నాలుగింటిలో ఏదో యొక వ్యసనము, ఆ తరగతి మందులు తినువారిలో నూటికి 17 మందికిని, తిననివారిలో నూటికి 7 మందికిని ఉండెను.

దీనికి కారణమును కొంత ఊహింపవచ్చును. 1990 తరువాత వుల్ఫ్రం షుల్ట్సు అను పరిశోధకుడు కోతులకు పండ్లరసమిచ్చుచు వాని డోపమీను కణములను గమనించెను. అనుకోని రసపుచుక్క దొరకినపుడు ఆ కణములు చెలరేగును. దీపము వెలిగిన పిదప రసము వచ్చునని కోతి నేర్చుకొనినచో, దీపమును చూచినపుడే చెలరేగును. వచ్చునన్న రసము రాకపోయిన, ఆ క్షణముననే అణగిపోవును. కావున డోపమీను సుఖమునకంటె ఆశకు దగ్గరిచుట్టము. అణగుట యను పనిద్వారా అది మనకు నష్టమును నేర్పును. డోపమీను మందులు వాడుచున్న రోగులు గెలుపునుండి బాగుగ నేర్చుకొనుచు, ఓటమినుండి తక్కువగ నేర్చుకొనుచున్నారని 2004లో మైకేలు ఫ్రాంకు తోడివారితో పరీక్షించి చూపెను. జూదరికి కావలసిన గురువు ఓటమి యొక్కటే. ఆ గురువు గొంతు వినబడనిచో శిష్యుని గతి యేమగును?

మా మామయ్య సంగతి ఇచ్చట మరల చెప్పవలెను. మందుచీటి తిరిగి వ్రాయించుటకు పోయినపుడు ఒక పడుచువైద్యురాలు, “ఈమధ్య మీకు కొత్త అలవాటులేమైన వచ్చినవా?” అని అడిగినదట. అంతకుముందు ఎవరును అడుగలేదు. మేమును చెప్పుటకు సిగ్గుపడి దాచితిమి. మా అత్తయ్య ఏడ్చుచు చెప్పినది. ఆమె మందులలో నొకదానిని మెల్లమెల్లగా తగ్గించి, వేరొకదానిని పెంచెను. వణకు కొంత హెచ్చెను. రెండుమూడు నెలలలో పేకాటమీది యావ సన్నగిల్లెను. ఒకనాటి సాయంకాలము మామయ్య నన్ను పిలిచి, “ఏరా, అరువదియేండ్లు ముక్క ముట్టనివాడు నేనా, గాజులు తాకట్టు పెట్టినవాడు నేనా? ఏది నేను చెప్పు?” అనిరి. నేను సంస్కృతము చదివితిని, ఇంగ్లీషు చదివితిని, ఉత్తరము చెప్పలేకపోతిని.

ఆ ప్రశ్నకు సిద్ధముగా నున్న ఉత్తరములు రెండు కలవు. మొదటిది పాతదే. కిణ్వాదులు కలిసినపుడు మత్తు పుట్టునట్లు పంచభూతములలో నాలుగింటి కలయికచేత చైతన్యము పుట్టునని చార్వాకులనిరని మాధవాచార్యుడు 14వ శతాబ్దమున తన దర్శనసంగ్రహమున వ్రాసెను. నేటి వారిలో కొందరు దానినే కొత్తమాటలలో చెప్పి, అంతయు రసాయనమే గనుక సంకల్పమొక భ్రమ యనుచున్నారు. రెండవ ఉత్తరము, ఆత్మ నిర్లేపమైనది, దేహమునకెన్ని మందులిచ్చినను సంకల్పము చెక్కుచెదరదు, చెదరినచో అది వాని దోషమే యనునది. మొదటి ఉత్తరము మామయ్యను యంత్రముగా చేయుచున్నది. రెండవది ఆయనను నేరస్థునిగా చేయుచున్నది.

మొదటివారు తమకు తోడుగా ఒక పరీక్షను చూపుదురు. 1965లో జర్మనీలోని ఫ్రైబుర్గులో కోర్న్‌హూబరు, డీకె అనువారు మనుష్యుడు తనంతట వ్రేలు కదలించుటకు ముందే మెదడులో విద్యుచ్ఛక్తి మెల్లగ పైకొనునని ప్రకటించిరి. 1983లో అమెరికాలో బెంజమిను లిబెట్టు, అట్టి పొంగు మనుష్యునికి తన సంకల్పము తెలియుటకు సుమారు మూడవవంతు సెకండు ముందే మొదలగుచున్నదని లెక్కగట్టెను. మెదడు ముందే నిశ్చయించినది, మనకు తరువాత తెలిసినది యని లోకము గగ్గోలుపడెను. కాని తలపెట్టిన పనిని చివరిక్షణమున వలదని ఆపుటకు వ్యవధి కలదని లిబెట్టే చెప్పెను. 2012లో ఆరన్ షుర్గరు, ఆయన తోడివారు, ఆ పొంగు నిశ్చయము కాకపోవచ్చుననియు, మెదడులో ఎల్లప్పుడు ఎగసిపడు చిన్న అలలను సగటు కట్టినచో అట్లే కనబడుననియు వాదించిరి. ఆ చర్చ నేటికిని ముగియలేదు. ఏ కారణములేకయే వ్రేలు కదల్చు పనినుండి, గాజులు తాకట్టు పెట్టుటా మానుటా యను పనికి తీర్పు లాగుట తొందరపాటని నా తలంపు.

ఈ చరిత్రమంతయు చదివిన పిదప నాకు తోచినది యిది. సంకల్పము ఉన్నదా లేదా యని అడుగుటకంటె, ఈ మనిషికి ఈనాడు ఎంత యున్నది, దానినెట్లు పెంచవచ్చును అని అడుగుట మేలు. అది కంటిచూపువంటిది. చూపు దేహమును ఆశ్రయించియున్నది గనుక చూపే లేదని ఎవరును అనరు; మసకచూపువానిని చూడనందుకు కొట్టరు; అద్దములిత్తురు. పార్కిన్సను రోగి గుమ్మమువద్ద కాలు కదలక నిలిచిపోవును. నేలమీద సుద్దతో అడ్డగీతలు గీచినచో పలువురు వానిని దాటుచు నడచిపోవుదురు. లోపలి పూనిక కుంటుపడినపుడు వెలుపలి గీత ఊతమగుచున్నది. ఆ గీతను గీయగలవారు పక్కనున్నవారే.

మరియొకటి. కార్ల్‌సను కుందేళ్ళకు తమకేమైనదో తెలియదు. మనుష్యునికి తెలియజెప్పవచ్చును, తెలిసినపిదప వాని నడవడి మారవచ్చును. తన్ను పురికొల్పు హేతువును తెలిసికొనుట కూడ ఒక హేతువే. వైద్యురాలు కారణము చెప్పిననాడే, మందు తగ్గి యావ చల్లారకముందే, మా మామయ్య పెట్టె తాళపుచెవులను, బ్యాంకు పుస్తకమును అత్తయ్య చేతబెట్టి, “నేనడిగినను ఇయ్యకుము” అనిరి. రసాయనము ఇంకను ఆయన రక్తములో నుండగనే చేసిన పని యది. ఆ నిమిషమున ఆయన కర్త కాడని పాణిని యెదుట నేను చెప్పజాలను. అందులకే ఆయన ప్రశ్నకు ఇప్పుడు నా ఉత్తరమిది: ముక్క ముట్టనివారు మీరే, మందు పురికొల్పగా ఆడినవారును మీరే, కాని తాళపుచెవులిచ్చిన చేతిలో మీరెక్కువగ ఉన్నారు.

శాసనములును ఈ దారినే మెల్లగ నడచుచున్నవి. మతిచలించి చేసిన పని నేరము కాదని 1860 నాటి శిక్షాస్మృతి 84వ ప్రకరణమున చెప్పిరి. 2024 జూలైనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో అది 22వ ప్రకరణము. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మానసిక బాధలో నున్నవానిగా ముందు భావింపవలెనని 115వ ప్రకరణమున విధించెను. కాని చట్టము గుమ్మము దాటి ఇంటిలోనికి రాలేదు. 2001 ఆగస్టులో తమిళనాటి ఎర్వాడిలో, గొలుసులతో కట్టబడిన మానసికరోగులు 28 మంది నిప్పంటుకొనినపుడు పారిపోలేక కాలిపోయిరి. ఆ గొలుసులు వేసినవారిలో పలువురు శత్రువులు కారు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు.

కాబట్టి ఇంటిపెద్దలకు నా మనవి యిది. మీ ఇంట ఒకరి నడవడి అకస్మాత్తుగ మారినచో, నిందించుటకు ముందు ఒక్క ప్రశ్న వేయుడు: ఏమి జబ్బు, ఏమి మందు, ఏమి దుఃఖము వీరిని పురికొల్పుచున్నది? సిగ్గుపడి వైద్యునివద్ద దాచకుడు. మీ యంతట మందు మాన్పకుడు. కారణము తెలిసినపిదప దానిని రోగికిని చెప్పుడు; వాని భారమును వానికి మోయగలిగినంత విడువుడు; మిగిలినదానికి మీ చేయి నందింపుడు. ఆత్మగుప్త తన్ను తాను కాచుకొనును. మనుష్యుడు అంత గట్టివాడు కాడు. అతనిని కొంత తానును, కొంత తనవారును కాచుకొనవలసియున్నది.